'ఆట'కూ 'వృత్తి'కీ నడుమ: దిగువ ర్యాంకు మహిళా టెన్నిస్ క్రీడాకారిణి జీవనక్రమం

వ్యాససంగ్రహం

వృత్తి టెన్నిస్‌ను గురించి తెలుగులో వెలువడే రచనల్లో అధికభాగం విజేతల చుట్టూ తిరుగుతుంది. ప్రపంచ ర్యాంకుల పట్టికలో రెండువందల యాభయ్యో స్థానానికి దిగువన ఏళ్ల తరబడి ఆడే స్త్రీల వృత్తిజీవితం మనకు దాదాపు అపరిచితం. ర్యాంకు ఎలా నిర్ణయమవుతుంది, పోటీల శ్రేణి ఎలా ఉంటుంది, ఆదాయవ్యయాల లెక్క ఎక్కడ తప్పుతుంది అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. శ్రీవల్లి రష్మిక భమిడిపాటి, సహజ యమలపల్లి వంటి తెలుగు క్రీడాకారిణుల అనుభవాన్ని ఆ నేపథ్యంలో పరిశీలిస్తుంది. తెలుగు క్రీడాపుటల పదజాలం గెలుపునూ నిష్క్రమణనూ మాత్రమే నమోదు చేస్తుందనీ, ఆ రెంటి నడుమ ఉన్న శ్రమను నమోదు చేయదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మహిళా టెన్నిస్, ప్రపంచ ర్యాంకు, ఐటీఎఫ్ పోటీలు, క్రీడాశ్రమ, తెలుగు క్రీడాపాత్రికేయభాష, జీవితకథనం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'ఆట' అనే మాట సాధారణంగా 'పని'కి ఎదురుగా నిలుస్తుంది. పని మానుకొని ఆడటం తప్పు. పని ముగించుకొని ఆడటం ముచ్చట. 'ఆటపాటలు', 'ఆటవిడుపు', 'ఆడుతూ పాడుతూ' వంటి పదబంధాలన్నీ శ్రమలేని చోటునే సూచిస్తాయి. అందువల్ల ఆటనే పనిగా చేసుకొన్న మనిషిని గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు మన వ్యవహారభాష కొంత తడబడుతుంది. ఆ మనిషి అగ్రస్థానంలో ఉంటే ఇబ్బంది లేదు. 'కీర్తి', 'ఘనత', 'విజయం' అనే మాటలు సిద్ధంగా ఉంటాయి. ఆమె ప్రపంచంలో మూడువందో స్థానంలో ఉంటే మాత్రం 'ఇంతకీ ఏం గెలిచింది?' అన్న ప్రశ్న దగ్గర సంభాషణ ఆగిపోతుంది.

ఆ ప్రశ్నలో ఒక పొరపాటు ఉంది. ప్రపంచంలో మూడువందో స్థానంలో ఉన్న వైద్యురాలినో, గణితశాస్త్రజ్ఞురాలినో మనం అలా అడగం. టెన్నిస్‌లో ప్రతివారం ఓటమి బహిరంగంగా నమోదవుతుంది కాబట్టి అడుగుతాం. ఏ పోటీలోనైనా టైటిల్ గెలిచిన ఒక్కరు తప్ప మిగిలిన అందరూ ఓడినవారే. కనుక వృత్తి టెన్నిస్ క్రీడాకారిణి జీవితంలో ఓటమి మినహాయింపు కాదు, వారంవారీ నియమం. ఈ నియమాన్ని గ్రహించకుండా ఆమె వృత్తిని అర్థం చేసుకోలేం.

2. ర్యాంకు: సొంత భూమి కాదు, కౌలు

మహిళా టెన్నిస్ సంఘం డబ్ల్యూటీఏ 1973లో ఏర్పడింది. కంప్యూటరు ఆధారంగా ర్యాంకులు ప్రకటించడం 1975 నవంబరులో మొదలైంది. నేటి పద్ధతిలో ర్యాంకు గత 52 వారాల ఫలితాలపై ఆధారపడుతుంది. క్రీడాకారిణి ఆడిన పోటీల్లో ఉత్తమమైన వాటిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. 2024 నుంచి సింగిల్స్‌లో ఆ సంఖ్య 18. పట్టికలో పేరు కనిపించాలంటే కనీసం మూడు పోటీల్లో పాయింట్లు సాధించాలి, లేదా మొత్తం మీద కనీసం 10 పాయింట్లు ఉండాలి.

ఈ పద్ధతిలోని కీలకం పాయింట్ల ఆయుష్షు. ఒక వారం గెలుచుకొన్న పాయింట్లు ఏడాది తిరిగేసరికి లెక్కలోంచి తొలగిపోతాయి. ఆ వారంలో అంతకు తక్కువ కాని ఫలితం సాధిస్తేనే స్థానం నిలుస్తుంది. దీనినే 'పాయింట్లను కాపాడుకోవడం' అంటారు. గోదావరి డెల్టా పాఠకులకు దీన్ని వివరించడానికి దూరం వెళ్లనక్కరలేదు. ర్యాంకు సొంత భూమి వంటిది కాదు, కౌలు వంటిది. ఈ ఏడు పంట బాగా పండినంత మాత్రాన పొలం సొంతం కాదు. మరుసటి ఏడు కౌలు మళ్లీ చెల్లించాలి. వరద వచ్చినా, ఒంట్లో బాగోకపోయినా గడువు ఆగదు. మోకాలి గాయంతో నాలుగు నెలలు మంచాన పడిన క్రీడాకారిణి ఆ నాలుగు నెలల్లో ఒక్క ఆటా ఓడకపోయినా ర్యాంకులో కిందికి జారుతుంది. దీర్ఘకాలం ఆటకు దూరమైనవారికి పాత ర్యాంకుతో కొన్ని పోటీల్లో ప్రవేశించే ప్రత్యేక వెసులుబాటు ఉంది. కాని చిన్న గాయాలతో, జ్వరాలతో, పరీక్షలతో, ఇంట్లో కష్టంతో పోయిన వారాలకు అది వర్తించదు.

3. మెట్ల వరుస

డబ్ల్యూటీఏ నిర్వహించే పెద్ద పోటీలకు దిగువన అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, అంటే ఐటీఎఫ్, నిర్వహించే పోటీలున్నాయి. 2024 నుంచి మహిళల విభాగంలో వీటిని డబ్ల్యూ15, డబ్ల్యూ35, డబ్ల్యూ50, డబ్ల్యూ75, డబ్ల్యూ100 అని ఐదు మెట్లుగా పిలుస్తున్నారు. ఈ అంకె విజేతకు దక్కే పాయింట్లను తెలుపుతుంది. గ్రాండ్‌స్లామ్ విజేతకు లభించేవి 2000 పాయింట్లు. డబ్ల్యూ15 టైటిలు గెలవాలంటే మెయిన్ డ్రాలో వరుసగా ఐదుగురిని ఓడించాలి. అర్హతపోటీల నుంచి వస్తే ఇంకా ఎక్కువమందిని. దానికి ఫలం 15 పాయింట్లు. మెయిన్ డ్రా తొలి రౌండులో ఓడితే పాయింట్లు సున్నా.

ఈ మెట్లన్నీ సమానమైన ఎత్తులో లేవు. గ్రాండ్‌స్లామ్ మహిళల సింగిల్స్‌లో 128 మంది ఆడతారు. అర్హతపోటీల్లో మరో 128 మందికి చోటుంటుంది. అందువల్ల సుమారుగా రెండువందల ముప్పై, నలభై ర్యాంకు లోపల ఉన్నవారు అర్హతపోటీలకైనా చేరగలుగుతారు. దానికి కొద్ది దిగువన ఉన్నవారికి ఆ తలుపు మూసి ఉంటుంది. ఆటలో వీరికీ వారికీ ఉన్న తేడా ఒక్కొక్కసారి రెండో సర్వీసు బలమంత స్వల్పం. ఆదాయంలో తేడా ఎంతో తరువాతి భాగంలో చూద్దాం.

దిగువ మెట్టు ఎంత బలహీనమైనదో 2019లో తేలింది. ఆ ఏడాది జనవరిలో ఐటీఎఫ్ ప్రవేశపెట్టిన కొత్త ఏర్పాటులో 15,000 డాలర్ల పోటీలకు డబ్ల్యూటీఏ పాయింట్లను తొలగించారు. వృత్తిక్రీడాకారుల సంఖ్యను కుదించి, ఉన్నవారికి జీవనాధారం కల్పించడం దాని ఉద్దేశం. ఫలితంగా ఎందరో ఒక్కసారిగా పట్టికలోంచి మాయమయ్యారు. క్రీడాకారుల నుంచి తీవ్ర నిరసన రావడంతో అదే ఏడాది ఆగస్టులో పాయింట్లను పునరుద్ధరించారు. ఆటలో ఏ మార్పూ లేకుండానే, కేవలం నియమం మారడం వల్ల ఒక మనిషి వృత్తి ఉనికి కోల్పోయి, తిరిగి పొందిన సందర్భమిది.

4. ఆదాయవ్యయాలు: 147 డాలర్ల వారం

ఐటీఎఫ్ 2013 గణాంకాల ఆధారంగా చేసిన అధ్యయనం ఈ రంగానికి మూలాధారంగా నిలిచింది. ఆ ఏడాది 4,862 మంది మహిళలు వృత్తిపోటీల్లో పాల్గొనగా, వారిలో 2,212 మందికి ఒక్క డాలరు బహుమతి కూడా రాలేదు. మొత్తం మహిళల బహుమతి ధనంలో 51 శాతం పైస్థాయిలోని ఒక శాతం క్రీడాకారిణులకే చేరింది. శిక్షకుడి ఖర్చు కలపకుండానే ఒక మహిళా క్రీడాకారిణికి ఏడాదికి సగటున 40,180 డాలర్ల వ్యయమైంది. ఆదాయం ఖర్చుతో సమానమయ్యే చోటు మహిళల్లో 253వ ర్యాంకు దగ్గర ఉందని ఆ అధ్యయనం తేల్చింది. పురుషుల్లో అది 336. అంటే మహిళల్లో అప్పు లేకుండా ఆడగలిగినవారి సంఖ్య ఇంకా తక్కువ.

ఇటీవలి సంవత్సరాల్లో 15,000 డాలర్ల మహిళల పోటీలో సింగిల్స్ విజేతకు లభించిన మొత్తం 2,352 డాలర్లు. తొలి రౌండులో ఓడినవారికి 147 డాలర్లు. డాలరుకు 85 రూపాయల చొప్పున లెక్కిస్తే విజేతకు సుమారు రెండు లక్షలు, ఓడినవారికి సుమారు 12,500 రూపాయలు. ఊహాత్మకంగా ఒక ఉదాహరణ తీసుకుందాం. నిడదవోలు నుంచి ఒక అమ్మాయి తల్లిని తోడు తీసుకొని సోలాపూరులో జరిగే పోటీకి బయలుదేరిందనుకుందాం. గదికి రోజుకు రెండువేలు వేసినా వారానికి 14,000 రూపాయలు. తొలి రౌండులో ఓడిన ఆదాయం గది అద్దెకే చాలదు. రైలు ఛార్జీలు, భోజనం, రాకెట్ల తీగలు, బూట్లు, ఫిజియోథెరపీ అన్నీ ఆ పైన. 2013 నాటి సగటు వార్షిక వ్యయాన్ని ఈ బహుమతితో పూడ్చాలంటే 17 టైటిళ్లు గెలిచినా చాలదు. ఏడాదిలో ఉన్నవి 52 వారాలు.

ఇప్పుడు ఆ మూసిన తలుపుకు అవతలివైపు చూద్దాం. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్ అర్హతపోటీల తొలి రౌండులో ఓడినవారికి 35,000 ఆస్ట్రేలియా డాలర్లు లభించాయి. మెయిన్ డ్రా తొలి రౌండులో ఓడినవారికి 1,32,000. అంటే అర్హతపోటీలో ఒక్క ఓటమి, దిగువ మెట్టున తొమ్మిది టైటిళ్లకు సమానం. ఈ కారణంగానే 260వ ర్యాంకులో ఉన్న క్రీడాకారిణి మరో ముప్పై స్థానాల కోసం సంవత్సరాలు వెచ్చిస్తుంది. అది కీర్తికాంక్ష కాదు, గృహార్థికం.

ఈ లెక్క పురుషులకూ తప్పదు. భారత అగ్రశ్రేణి పురుష క్రీడాకారుడు సుమిత్ నాగల్ తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలు మాత్రమే ఉన్నాయని 2023లో వెల్లడించారు. దేశంలో మొదటి స్థానంలో ఉన్నవారి పరిస్థితి అది. అందుకే ఈ స్థాయివారు డబుల్స్ ఆడతారు. ఐరోపా క్లబ్బుల లీగుల్లో పాల్గొంటారు. ప్రభుత్వరంగ సంస్థల్లో క్రీడాకోటా ఉద్యోగాలు వెతుక్కుంటారు. అమెరికా విశ్వవిద్యాలయాల ఉపకారవేతనాలపై చదువుతూ ఆడతారు. వీటిని ఆటకు బయటి వ్యవహారాలుగా భావించరాదు. ఇవే ఆటను నిలబెట్టే పునాదులు.

5. హైదరాబాదు నుంచి పుణె వరకు

భారత మహిళల్లో సింగిల్స్‌లో తొలి వందమందిలో స్థానం పొందినవారు సానియా మీర్జా ఒక్కరే. 2007 ఆగస్టులో ఆమె 27వ ర్యాంకు చేరారు. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ ప్రథమస్థానం పొందారు. ఆమె విజయగాథ మనకు సుపరిచితం. అంతగా చర్చకు రాని సంగతి మరొకటి ఉంది. 2003 నుంచి 2005 వరకు హైదరాబాదులో డబ్ల్యూటీఏ పోటీ జరిగింది. 2005 ఫిబ్రవరిలో సానియా తన ఏకైక డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిలును గెలిచింది ఆ పోటీలోనే. సొంత ఊరిలో పోటీ ఉంటే స్థానిక క్రీడాకారిణికి వైల్డ్ కార్డు దొరుకుతుంది, ప్రయాణఖర్చు తగ్గుతుంది, పైస్థాయివారితో ఆడే అవకాశం వస్తుంది. 'ఇంట గెలిచి రచ్చ గెలవాలి' అన్న మన సామెత టెన్నిస్‌లో అక్షరాలా వర్తిస్తుంది. గెలవడానికి ముందు ఇంట పోటీ ఉండాలి.

ఆ తరువాతి తరంలో రిషిక సుంకర, సౌజన్య బావిశెట్టి, ప్రాంజల యడ్లపల్లి ఐటీఎఫ్ పోటీల్లో ఆడారు. వర్తమానంలో శ్రీవల్లి రష్మిక భమిడిపాటి, సహజ యమలపల్లి కనిపిస్తారు. వీరిలో సహజ అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో శామ్ హ్యూస్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున ఆడి వృత్తిటెన్నిస్‌లోకి వచ్చారు. 2025లో అమెరికాలోని ఎవాన్స్‌విల్‌లో జరిగిన డబ్ల్యూ100 పోటీలో, 2017 యూఎస్ ఓపెన్ విజేత స్లోన్ స్టీఫెన్స్‌ను వరుస సెట్లలో ఓడించారు. గ్రాండ్‌స్లామ్ విజేతపై గెలుపు కూడా ర్యాంకులో ఒక రౌండు పాయింట్లనే ఇస్తుంది. ఎదుట ఎవరున్నారన్నది పట్టికకు పట్టదు.

శ్రీవల్లి రష్మిక అనుభవం ఇంకా ఆలోచింపజేస్తుంది. 2025 ఏప్రిల్‌లో పుణెలోని బాలేవాడిలో బిల్లీ జీన్ కింగ్ కప్ ఆసియా ఓషియానియా తొలి గ్రూపు పోటీలు జరిగాయి. భారత్‌తోపాటు న్యూజిలాండ్, థాయిలాండ్, హాంకాంగ్, చైనీస్ తైపీ, దక్షిణ కొరియా జట్లు పాల్గొన్నాయి. అప్పటికి ఆమె ర్యాంకు మూడువందల ప్రాంతంలో ఉంది. ఆమె తాను ఆడిన ఐదు సింగిల్స్ ఆటల్లోనూ గెలిచారు. భారత్ న్యూజిలాండ్ చేతిలో ఓడినా మిగిలిన నాలుగు జట్లపై నెగ్గి, రెండో స్థానంతో ప్లేఆఫ్ దశకు చేరింది. నవంబరులో బెంగళూరులో జరిగిన ఆ దశలో స్లొవేనియా, నెదర్లాండ్స్ జట్ల చేతిలో ఓడింది.

ఒకే మనిషి ఏప్రిల్‌లో దేశాన్ని ముందుకు నడిపించి, మిగిలిన వారాల్లో ఖర్చుల లెక్క చూసుకొంటూ చిన్న పట్టణాల్లో ఆడవలసి రావడం ఈ వ్యవస్థలో సహజం. జాతీయజట్టు కూర్పు ర్యాంకుల దిగువభాగంలో ఏళ్లపాటు జరిగిన శ్రమపై ఆధారపడి ఉంటుంది. ఆ భాగాన్ని పట్టించుకోకుండా జట్టు గెలుపును మాత్రమే వేడుక చేసుకోవడం, నారుమడిని మరచి కోతల పండుగ చేసుకోవడం వంటిది.

6. స్త్రీగా ఉండటం వల్ల కలిగే అదనపు భారం

దిగువ స్థాయిలో స్త్రీకి మరికొన్ని బరువులున్నాయి. తోడు లేకుండా కూతురిని ఊరుగాని ఊరికి పంపడానికి కుటుంబాలు జంకుతాయి. తోడు వెళ్తే ఖర్చు రెట్టింపవుతుంది, తోడు వెళ్లినవారి సంపాదన ఆగిపోతుంది. పెళ్లివయసుగా సమాజం నిర్ణయించిన సంవత్సరాలూ, టెన్నిస్‌లో దేహం పరిణతి చెందే సంవత్సరాలూ ఒకటే.

మాతృత్వం విషయంలో 2025 మార్చిలో ఒక మేలైన మార్పు వచ్చింది. డబ్ల్యూటీఏ ప్రకటించిన నిధి ద్వారా 12 నెలల వరకు వేతనంతో కూడిన ప్రసూతిసెలవు లభిస్తుంది. సుమారు 320 మందికి పైగా క్రీడాకారిణులకు ఇది వర్తిస్తుందని చెప్పారు. అయితే అర్హతకు నిర్ణీత సంఖ్యలో డబ్ల్యూటీఏ పోటీలు ఆడి ఉండాలి. ఐటీఎఫ్ మెట్లపైనే ఆడేవారికి ఆ గీత దాటడం కష్టం.

జూదం తెచ్చిన సమస్య మరొకటి. చిన్న పోటీల ప్రత్యక్ష స్కోరు సమాచారం పందెం సంస్థలకు చేరడం వల్ల, ప్రేక్షకులు లేని కోర్టులో ఆడే ఆటపైనా ప్రపంచంలో ఎక్కడినుంచో పందేలు కాస్తున్నారు. ఈ స్థాయిలో అవినీతి ముప్పు తీవ్రంగా ఉందని 2018లో స్వతంత్ర సమీక్షామండలి హెచ్చరించింది. 2024లో 458 మంది క్రీడాకారిణులకు, క్రీడాకారులకు సామాజిక మాధ్యమాల్లో సుమారు 8,000 దూషణ సందేశాలు వచ్చాయనీ, వాటిలో 40 శాతం పందెం ఓడినవారివేననీ డబ్ల్యూటీఏ, ఐటీఎఫ్ ప్రకటించాయి. తొలి రౌండులో ఓడి 147 డాలర్లు పొందిన అమ్మాయి, ఆ రాత్రి తెలియని మనుషుల తిట్లు చదవవలసి రావడం ఈ వృత్తిలో భాగమైంది.

7. క్రీడాపుటల తెలుగు

ఈ జీవితాన్ని మన క్రీడాపుటలు ఏ మాటల్లో చెబుతున్నాయి? 'శుభారంభం', 'టైటిల్ వేట', 'సంచలనం', 'చుక్కెదురు', 'నిరాశపరిచింది', 'ఇంటిముఖం పట్టింది' అనేవి తరచుగా కనిపించే మాటలు. వీటిలో మూడింటిని పరిశీలిద్దాం.

'ఇంటిముఖం పట్టింది' అన్నది వాస్తవానికి దూరం. మంగళవారం ఓడిన దిగువ ర్యాంకు క్రీడాకారిణి ఇంటికి వెళ్లదు. వెళ్లి తిరిగి రావడానికి డబ్బు చాలదు. అదే ఊళ్లో ఖాళీ కోర్టు దొరికే వేళకోసం చూసి సాధన చేసి, వారాంతంలో తరువాతి పట్టణానికి బయలుదేరుతుంది. మన వాక్యం ఆమెను ఇంటికి పంపి కథ ముగిస్తుంది. ఆమె వృత్తి ఆ వాక్యం ముగిసిన చోట మొదలవుతుంది.

'నిరాశపరిచింది' అన్న క్రియకు కర్మ ఎవరో చెప్పం. ఎవరిని నిరాశపరిచింది? ఆమె పోటీకి వెళ్లినట్లు కూడా తెలియని పాఠకుడినా? ఓటమిని ఇతరుల పట్ల చేసిన తప్పుగా ఈ మాట మారుస్తుంది.

'సంచలనం' అన్న నామం పైస్థాయి క్రీడాకారిణిపై గెలుపును మెరుపుగా చిత్రిస్తుంది. మెరుపుకు గతం ఉండదు. ఎవాన్స్‌విల్ గెలుపు వెనుక విశ్వవిద్యాలయ జట్టులో గడిచిన సంవత్సరాలున్నాయి. ఆ గతాన్ని ఈ మాట తుడిచివేస్తుంది.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి కొత్త పదాలను కల్పించనవసరం లేదు. వార్తలో పోటీ ఏ మెట్టుకు చెందినదో, క్రీడాకారిణి ఏయే పాయింట్లను కాపాడుకోవలసి ఉందో, ఆ ఫలితంతో ర్యాంకు ఎటు కదిలిందో చెబితే చాలు. వ్యవసాయంలో, చేనేతలో, చేపల వేటలో శ్రమను సూక్ష్మంగా చెప్పే సంపద తెలుగుకు ఉంది. ఆ చూపును ఆటవైపు తిప్పడమే కావలసింది.

8. ముగింపు

ర్యాంకు అన్నది ఏటా కట్టే కౌలు వంటిదనీ, 250వ స్థానం దరిదాపుల్లో ఉన్న గీత ఆదాయాన్ని నిట్టనిలువుగా విడదీస్తుందనీ, ఆ గీతకు దిగువన ఉన్నవారి శ్రమపైనే జాతీయజట్టు నిలుస్తుందనీ పై పరిశీలన తెలుపుతున్నది. ఈ విషయం క్రీడారంగానికే పరిమితం కాదు. మన కళాశాలల్లో హాజరు తగ్గిన విద్యార్థిని టోర్నమెంటు ధ్రువపత్రంతో వచ్చి నిలబడినప్పుడు 'ఎక్కడిదాకా వెళ్లావు?' అని అడుగుతాం. మొదటి రౌండు అని తల వంచుకొని చెబుతుంది. ఆ తల ఎందుకు వంగిందో ఆలోచించవలసిన బాధ్యత అధ్యాపకులది.

పరిశోధకులకు ఇక్కడ విస్తారమైన క్షేత్రం ఉంది. తెలుగులో స్త్రీల ఆత్మకథలపై, శ్రామిక జీవితకథనాలపై మంచి పరిశోధన జరిగింది. ఆటను వదిలి శిక్షకులుగా, ఉద్యోగినులుగా, గృహిణులుగా స్థిరపడిన దిగువ ర్యాంకు క్రీడాకారిణుల మౌఖిక కథనాలను వారి మాటల్లోనే సేకరించడం ఆ పరిశోధనకు సహజమైన కొనసాగింపు అవుతుంది. వారి పాయింట్లు 52 వారాలకు చెరిగిపోయాయి. వారి జీవితానుభవమైనా అలా చెరిగిపోకుండా భాషలో నిలవాలి.